మూడో నంబరు లేతు పిన్ను

"మూడో నంబరు లేతుకు లాక్ పిన్ను ఒకటి, కొత్తది, గట్టిపరిచినది, గురువారం సాయంత్రానికల్లా" అని పనిచీటీలో ఉంది. రవ్వలక్క దాన్ని రెండుసార్లు చదివింది. మొదటిసారి కళ్ళతో, రెండోసారి పళ్ళతో.

ఆవిడ గ్రైండరు మీద మనిషి. రోజుకు ఎనిమిది గంటలు సానచక్రం ముందు నిలబడి నిప్పురవ్వలు రాలుస్తుంది గనక రవ్వలక్క అయింది. ముక్కున రవ్వ లేదు, చెవిన రవ్వ లేదు. ఆవిడ రవ్వలు చక్రం దగ్గర కొన్ని, నాలిక మీద కొన్ని ఉంటాయని షెడ్డులో చెప్పుకుంటారు, ఆవిడకు వినపడనంత దూరంలో నిలబడి.

చీటీని మడిచి, మడతను గోటితో నొక్కి, చాకులా ముందుకు పట్టుకుని అద్దాల గదిలోకి నడిచింది. అందులో సూపర్‌వైజరు ఉంటాడు. ఎవరు ఏం చెప్పినా 'చూద్దాం' అంటాడు. తలుపు ఊడిందన్నా చూద్దాం, ఫ్యాను ఊడిందన్నా చూద్దాం. ఆయన చూడగా మాత్రం ఇంతవరకు ఎవరూ చూడలేదు. అందుకని షెడ్డంతా ఆయన్ని చూద్దాంగారు అంటుంది.

"సార్, మా మరిది మోకాలు తగిలి లీవరు పడిందని మీరే కదా రాశారు?"

"రాశానమ్మా."

"అజాగ్రత్త అని కూడా రాశారు."

"జరిగింది రాశాను. ఏం రాయమంటావు మరి?"

"మరి పిన్ను మార్చమంటారేం? మోకాలు మార్పించండి."

చూద్దాంగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అద్దాల గదిలో కూర్చుని అద్దాలు తుడుచుకోవడంతోనే ఆయన పూటలు గడుస్తాయి.

"ముందుజాగ్రత్త అమ్మా. శుక్రవారం మేనేజరుగారు విచారణకి వస్తున్నారు. లేతు తిప్పి చూపించమంటారు. ఆయన ముందు లీవరు ఊగితే బాగుంటుందా?"

"అంటే ఊగుతోందన్నమాట."

"నేననలేదు."

"ఇప్పుడే అన్నారు."

"ఊగితే అన్నాను. 'తే' అన్నాను. ఆ 'తే' విను."

"వెనకాల జరిగిపోయినదానికి ముందుజాగ్రత్త! బాగుంది సార్."

ఇక్కడ ఆ పిన్ను సంగతి చెప్పాలి. బొటనవేలంత ఉక్కుముక్క అది. వెనక స్ప్రింగు, ముందు మొన. లేతుకు ఒక లీవరు ఉంటుంది. కిందికి వేస్తే పనిముక్కను పట్టుకున్న చక్ గిర్రున తిరుగుతుంది, నడిమికి తెస్తే ఆగుతుంది. అలా నడిమికి తెచ్చిన లీవరు తన బరువుకు తనే కిందికి జారిపోకుండా ఈ పిన్ను మొన ఒక గాడిలోకి దిగి పట్టుకుంటుంది. మొన గట్టిగా ఉన్నన్నాళ్ళు లీవరు నిలబడుతుంది. అరిగిపోయిందా, దానికి ఎప్పుడు జారాలనిపిస్తే అప్పుడు జారుతుంది. పన్నెండు రోజుల కిందట దానికలా అనిపించింది. అప్పుడు రవ్వలక్క మరిది లేతు ఆపి, ఆగిన చక్ లోపలికి కుడిచెయ్యి పెట్టి, చేస్తున్న ముక్కను కొలుచుకుంటున్నాడు. రెండు వేళ్ళు పోయాయి. మణికట్టు విరిగింది. నడిమిన నిలబడడం చేతకాక ఆ లీవరు అంత పని చేసింది. చూద్దాంగారు మాత్రం ముప్పయ్యేళ్ళుగా అటూ పడకుండా ఇటూ పడకుండా నడిమినే నిలబడి ఉన్నాడు.

"పాత పిన్ను తీశాక నాకిచ్చెయ్యి" అన్నాడు ఆయన.

"కొలతకి కావాలి."

"డ్రాయింగు ఉందిగా."

"డ్రాయింగులో ఉండాల్సింది ఉంటుంది. గాడిలో ఉన్నది ఉంటుంది. నాకు రెండూ కావాలి."

"చూద్దాం" అన్నాడు చూద్దాంగారు. రవ్వలక్క అప్పటికే తలుపు దాటింది.

మూడో నంబరు లేతు మీద గోనెపట్టా కప్పి ఉంది. పట్టా లాగేసి, లీవరు పక్కన మూతరేకు మరలు నాలుగూ విప్పి, స్ప్రింగు ఎగిరిపోకుండా బొటనవేలు అడ్డం పెట్టి పిన్ను బయటికి లాగింది. గుడ్డతో తుడిచి వెలుతురులో పట్టుకుంది. మొన ఉండాల్సిన చోట నున్నటి బోడిగుండు ఉంది.

"దొరికావురా!" అంది పైకే. పక్క మిషను మనిషి తననేమో అనుకుని ఉలిక్కిపడ్డాడు.

*

ఇంట్లో మరిది కిటికీ పక్కన కూర్చుని పాత క్యాలెండరు కాగితం వెనక ఎడమచేత్తో సంతకం చేస్తున్నాడు. ఒకటి కాదు, వరసగా ముప్పై నలభై. ఒక్కటీ సంతకంలా లేదు. పురుగు సిరాలో పడి లేచి నడిచినట్టుంది. రవ్వలక్క మొగుడు లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి. కనక ఇంట్లో నోరు చేసుకునే బాధ్యత మొత్తం ఆవిడదే.

"ఏమిటిది మరిదిగారూ? ఆటోగ్రాఫులా?"

తోడికోడలు బదులు చెప్పింది. "శుక్రవారం సంతకం పెట్టమన్నారట అక్కా. తన అజాగ్రత్తవల్లే జరిగిందని ఒప్పుకుంటే గేటు దగ్గర కూర్చునే పనిస్తారట. లేకపోతే తీసేస్తారట."

"ఎవడన్నాడు?"

"సూపర్‌వైజరుగారు మనిషిని పంపించారు."

చూద్దాంగారు ఇంటికి మనిషిని పంపించాడు! తలుపు ఊడితే మేస్త్రీని పంపించని మనిషి! రవ్వలక్క జేబులోంచి పిన్ను తీసి క్యాలెండరు కాగితం మీద, ఆ సంతకాల మధ్యలో ఠపీమని పెట్టింది.

"ఇదుగో. చూడు దీని మొహం. ఈ బోడిమొన ఏ గాడిలో నిలుస్తుంది? లీవరు దానంతటదే జారింది. నీ మోకాలికి సంబంధం లేదు."

మరిది పిన్ను వంక చూశాడు. ఎడమచేత్తో తీసుకుని, చొక్కా అంచుతో తుడిచి, మొన మీద వేలు రాసి, మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

"ఏమో వదినా. తగిలిందేమో."

"ఏది?"

"మోకాలు."

"మోకాలు నీదా, పక్కింటివాళ్ళదా? తగిలిందో లేదో నీకు తెలియదూ?"

"గుర్తులేదు. వదిలెయ్యి వదినా. పోయిన వేళ్ళు ఎలాగూ రావు. ఆ పాతదాన్ని పారేసి కొత్తది చేసి ఇచ్చెయ్యి. ఆ సంగతి కదపకు."

"ఆసుపత్రిలో చేతికి కట్టు కట్టారా, లేక నీ వెన్నెముక ఊడదీసి దాన్నే బద్దగా కట్టారా?"

"అక్కా!" అంది తోడికోడలు.

"ఏం అక్క! పదహారేళ్ళు ఆ లేతు మీద పనిచేసిన మనిషి గేటు దగ్గర కూర్చుని వచ్చే పోయే బళ్ళ నంబర్లు రాసుకుంటాడా? అదీ ఎడమచేత్తో? ఆ నంబర్లు చూసి బళ్ళే సిగ్గుపడతాయి."

మరిది ఇంకో సంతకం మొదలుపెట్టాడు. వదినా మరిదీ అన్నాక ఒకరిని ఒకరు పొడుచుకోవాలి, నవ్వుకోవాలి. ఈ ఇంట్లో పదహారేళ్ళుగా అదే నడిచింది. ఇప్పుడు పొడిస్తే గుచ్చుకోడానికి కూడా అవతల మనిషి లేడు. ఆవిడకు దానికే ఎక్కువ మండింది. పిన్ను తీసుకుని మళ్ళీ జేబులో పడేసుకుంది.

*

లోపలిదాకా గట్టిపడే టూల్ స్టీలు కడ్డీ, రెండేళ్ళుగా లేనిది, మర్నాటికల్లా స్టోరులో మొలిచింది. మేనేజరు వస్తున్నాడంటే ఇనుము కూడా చిగురిస్తుంది.

రవ్వలక్క రెండో నంబరు లేతు మీద తనే నిలబడి ముక్క తీసింది. గ్రైండరు మీది మనిషి లేతు దగ్గరికొచ్చిందేమిటని ఒకడు అడగబోయి, ఆవిడ మొహం చూసి, దాహమేసినట్టు నీళ్ళ కుళాయి వైపు వెళ్ళిపోయాడు. కడ్డీ తిరుగుతుంటే నీలం చుట్టలు వేడివేడిగా ఊడి పళ్ళెంలో పడ్డాయి. పిన్ను ఒంటి మందం కొలిచింది, మళ్ళీ కొలిచింది. గట్టిపరిచాక సాన పట్టడానికి రెండు వెంట్రుకల మందం మిగిల్చింది. మొనకు ఏటవాలు తీసి, అంచున గరుకు లేకుండా రుద్ది, ముక్కను కోసి, వేడి తగ్గకముందే గుడ్డలో చుట్టుకుని కొలిమి గదికి వెళ్ళింది.

అక్కడ కొలిమి బాబాయి ఉంటాడు. వరసకు బాబాయి కాదు, వయసుకు బాబాయి. కొలిమి మూత ఎన్నిసార్లు ఎత్తాడో, ఆయన మొహాన కనుబొమలు లేవు. ఆశ్చర్యపోయినా కోపమొచ్చినా ఒకేలా కనిపిస్తాడు.

"ఈసారి అసలు సరుకే ఇచ్చారే" అన్నాడు ముక్కను చేతిలో ఎగరేసి.

తీగ కట్టి లోపల వేలాడదీశాడు. ఇద్దరూ రంగు చూశారు. నలుపు ఎరుపైంది. ఎరుపు పండింది. బాబాయి పొడుగాటి కర్ర చివర అయస్కాంతం ఆనించాడు. అంటుకోలేదు, అంటే సరిపడా కాలింది.

"ఊఁ" అన్నాడు.

పట్టకారుతో తీసి రెండంగల్లో నూనె డబ్బా దగ్గరికి వెళ్ళి నిలువుగా, తిన్నగా ముంచాడు. పక్కకు వాలిస్తే వంకరపోతుంది. నూనె బుసకొట్టింది. పొగ ఇద్దరి మొహాల మీదుగా పోయింది. చల్లారాక గరుకుకాగితంతో మెరుగు పెట్టి, వేడి పలక మీద దొర్లిస్తూ కూర్చున్నాడు. మెరుపు మీద ఎండుగడ్డి రంగు పాకేదాకా దొర్లించి, పాకగానే మళ్ళీ నూనెలోకి తోశాడు.

"ఆకురాయి పట్టు" అన్నాడు.

రవ్వలక్క ఆకురాయి తీసుకుని కొత్త పిన్ను మొన మీద రాసింది. గాజు మీద గోరు జారినట్టు జారింది, పొడి రాలలేదు. ఒంటి మీద రాసింది, జారింది. అప్పుడు జేబులోంచి పాత పిన్ను తీసింది. ఒంటి మీద రాసింది. అదీ జారింది. మొన మీద రాసింది. ఆకురాయి కసుక్కున పట్టుకుంది. తెల్లటి పొడి అరచేతిలో రాలింది.

అరచేతిలో పొడిని చూసిన మనిషి అరవకుండా ఉండాలంటే ఇంకెవరైనా అయి ఉండాలి.

"మెత్తగా ఉంది! బాబాయ్, ఇది నువ్వు కాల్చిందే కదూ?"

"నేనే. ఏదీ..."

"నడుం గట్టి, మొన మెత్త! సగం కాల్చి ఇచ్చావా? నీ సగం పనికి వాడి రెండు వేళ్ళు పోయాయి!"

"అమ్మడూ, నెమ్మదిగా. ఇటివ్వు, చూడనీ."

"ఇంకేం చూస్తావు? నువ్వూ ఆయనలాగే తయారయ్యావా?"

షెడ్డులో మూడు మిషన్లు ఆగిపోయాయి. చూద్దాంగారు అద్దాల గదిలోంచి స్వయంగా నడిచి వచ్చాడు. ఆకురాయి చూశాడు, పొడి చూశాడు, బాబాయి వంక చూశాడు. ఇన్నేళ్ళకు చూశాడు!

"అంటే గట్టిపరచడంలో లోపమా?" అన్నాడు. చూద్దాం అనలేదు. జేబులోంచి పుస్తకం తీసి అక్కడే నిలబడి రాసుకున్నాడు. రాస్తుంటే ఆయన మొహం కూడా ఎండుగడ్డి రంగుకు వచ్చింది, చక్కగా, సమంగా. మరిది సంతకం పెట్టినా సరే, బాబాయి పెట్టినా సరే, ఎవరో ఒకరు పెడితే ఆయనకు చాలు.

బాబాయి పట్టకారు గోడకు తగిలించాడు.

*

భోజనాల తరవాత రవ్వలక్క కొత్త పిన్ను ఒంటికి సాన పట్టింది. మధ్యమధ్య ఆపి గాడిలో పెట్టి చూసుకుంటూ, రెండు వెంట్రుకల మందాన్ని ఒక వెంట్రుకకు, ఒక వెంట్రుకను ఏమీ లేకుండా దించింది. మొన జోలికి వెళ్ళలేదు. అది లేతు మీదే సరిగ్గా వచ్చింది. పని నున్నగా సాగింది. గెలిచిన మనిషి చెయ్యి అలాగే ఉంటుంది.

అప్పుడు బాబాయి వచ్చి పాత పిన్నును ఆవిడ మిషను అయస్కాంతపు బల్ల మీద పెట్టాడు.

"నిలువునా సగానికి అరగదియ్యి."

"దేనికి?"

"నీ మాట షెడ్డంతా విన్నది. నా మాట నువ్వొక్కదానివి విను."

ఆవిడ పిన్నును పడుకోబెట్టి, అటూ ఇటూ దిమ్మలు ఆనించి, చక్రం దించింది. నీళ్ళు విప్పలేదు, కొంచెం కొంచెంగా తీసింది. రవ్వలు లేచాయి. ముందు పొట్టిగా, గుబురుగా, చివర చిటచిటా పూలు పూసినట్టు విడిపోతూ లేచాయి. నాలుగైదు దెబ్బలయ్యాక మారిపోయాయి. పొడుగ్గా, నిటారుగా, పూతా పిందే లేకుండా, గీతల్లా వచ్చాయి.

ఆవిడ చెయ్యి ఆగింది. ఇరవై రెండేళ్ళు రవ్వల ముందు నిలబడ్డ మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పూసేది గట్టి ఉక్కు. పూయనిది మెత్త ఇనుము. ఒక్క ముక్కలోనే రెండూ ఉన్నాయి.

"ఇది టూల్ స్టీలు కాదు" అంది.

"కాదు. అడిగితే చూద్దామన్నాడు. ఉన్నదాంతో కానివ్వమన్నాడు. మెత్త కడ్డీ తీసుకుని, బొగ్గుపొడిలో పాతిపెట్టి, ఆరు గంటలు కాల్చి, పైతొక్క ఒక్కటీ గట్టిపరిచాను. కానివ్వు, సగం దాకా తీసెయ్యి."

సగం దాకా తీసింది. బాబాయి ఆ చదును ముఖానికి మెరుగు పెట్టి, దూదితో ఒక చుక్క యాసిడ్ రాశాడు. నిమిషంలో నల్లటి గీత తేలింది. గోరంచంత మందం. పిన్ను ఒంటికి ఇటు పక్కా అటు పక్కా చక్కగా, కాటుక దిద్దినట్టు నడిచింది. మొన దగ్గరికి వచ్చేసరికి రెండు పక్కలా సన్నబడి, ఏటవాలు మీద మాయమైపోయింది. అక్కడినుంచి లోపలి తెల్లటి మెత్తదనమే బయటికి వచ్చి కూర్చుంది.

"తొక్క పెట్టింది నేను. మొన మీద కూడా పెట్టాను" అన్నాడు బాబాయి. "ఒలిచింది నేను కాదు."

రవ్వలక్క మిగిలిన సగం పిన్నును వెలుతురులో తిప్పింది. మొన ఏటవాలు మీద, అరుగుదల చేరని పైభాగాన, సన్నటి సానగీతలున్నాయి. కుడినుంచి ఎడమకు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, దువ్విన జుట్టులా. ఈ షెడ్డులో అలా దువ్వే చెయ్యి ఒక్కటే.

ఆ పిన్ను కొత్తగా వేసిన రోజుల్లో ఒక భోజనాల వేళ. మరిది సగం తిన్న చేత్తో వచ్చి నిలబడ్డాడు. 'వదినా, కొత్త పిన్ను వేశాక లీవరు మరీ బిగుసుకుపోతోంది. రోజుకు రెండొందలసార్లు లాగాలి, భుజం పోతోంది. మూడుసార్లు చెప్పాను, చూద్దామంటున్నాడు. మొన రవ్వంత తియ్యవూ?' తీసింది. రవ్వంత. పెట్టి చూసొచ్చి, 'ఇంకో రవ్వంత' అన్నాడు. ఇంకో రవ్వంత తీసింది. చీటీ లేదు, రాత లేదు. ఇంటి మనిషికి చీటీ ఏమిటి? ఇక్కడ పిన్నులంటే ఎప్పుడూ లోపలిదాకా గట్టి ఉక్కే, ఎంత తీసినా గట్టే. ఐదు నిమిషాల పని. మళ్ళీ ఆ సంగతి ఆవిడకు తలపుకైనా రాలేదు.

కోపం ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే ఉంది, ఉన్నంతా ఉంది. దాన్ని ఇన్నాళ్ళూ ఒక్కొక్కరి మీదికీ విసురుతూ వచ్చింది. ఇప్పుడు విసరడానికి చెయ్యెత్తితే అది తన చెయ్యే అయింది.

"బాబాయ్, పొద్దున నేను..."

"అన్నావులే." బాబాయి సగం పిన్నును మళ్ళీ అయస్కాంతపు బల్ల మీద, చక్రం కింద పెట్టాడు. "మూడు నిమిషాలు పట్టదు దీన్ని పొడి చెయ్యడానికి. అప్పుడు మెత్త మొన నాదే, తప్పు నాదే. మీ మరిది బయటపడతాడు. నేనైతే ఊరుకోను, నోరున్నంతసేపూ అరుస్తాను. కాని నా దగ్గర రుజువేముంది?"

వెళ్ళిపోయాడు. చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. రవ్వలక్క దాని మోత వింటూ కొంతసేపు నిలబడింది. తరవాత స్విచ్చి నొక్కింది. అది ఆగడానికి చాలాసేపు పట్టింది.

*

సాయంత్రం తోడికోడలు మరిదికి రేపటి చొక్కా తొడిగి చూస్తోంది, కట్టు కట్టిన చెయ్యి పట్టేలా చొక్కాచెయ్యి కుట్టు విప్పి. రవ్వలక్క లోపలికి వచ్చి, చెప్పులు విప్పకుండా, సగం పిన్నును అతని ఒళ్ళో పడేసింది.

మరిది దాన్ని తిప్పి చూశాడు. నల్లగీతను చివరిదాకా వేలితో నడిపించాడు. గీత అయిపోయినచోట వేలు ఆపాడు.

"పారెయ్యమన్నాను కదా వదినా" అన్నాడు.

రవ్వలక్క గోడకు ఆనుకుంది. "నీకు తెలుసన్నమాట."

"లీవరు జారినప్పుడే తెలిసింది. కింద పడి ఉన్నప్పుడు కళ్ళ ముందు అదే ఉంది, ఆ పిన్ను మూతరేకు." ఎడమచేత్తో చొక్కా గుండీతో ఆడుకుంటున్నాడు. "తియ్యమన్నది నేను. తీసింది నువ్వు. పిన్ను అంటే అది నీదాకా వస్తుంది. మోకాలంటే నాతో ఆగిపోతుంది. నా చెయ్యి ఎలాగూ పోయింది. ఇంట్లో రెండో చెయ్యి కూడా ఎందుకు?"

"నాకు చెప్పలేదేం?" అంది తోడికోడలు. చొక్కా గుండీలు పెడుతున్నదల్లా ఆపేసింది. "పదమూడు రోజుల నుంచి నీ మోకాలిని తిట్టుకుంటున్నాను నేను! ఆ మోకాలికి కాపడం కూడా పెట్టాను!"

ఎవరూ నవ్వలేదు. నవ్వొచ్చే మాటే.

*

శుక్రవారం పొద్దున అద్దాల గదిలో నాలుగు కుర్చీలు వేశారు. మేనేజరు ఒక దాంట్లో, చూద్దాంగారు ఒక దాంట్లో, మరిది ఒక దాంట్లో. నాలుగోది కొలిమి బాబాయికి. కొత్త ముద్దాయిని కూడా పిలిపించారు. రవ్వలక్కను ఎవరూ పిలవలేదు, కుర్చీ వెయ్యలేదు. ఆవిడ వచ్చింది, నిలబడింది.

మరిది ముందు కాగితం ఉంది, ఎడమచేతిలో కలం ఉంది. ఆవిడ సగం పిన్నును సరిగ్గా సంతకం పెట్టాల్సిన చోట పెట్టింది.

"అమ్మా, ఇది విచారణ" అన్నాడు చూద్దాంగారు. "ఏమైనా ఉంటే తరవాత..."

"మీది విచారణ సార్, మాది విచారం. ముందు మాది కానివ్వండి." మేనేజరు వైపు తిరిగింది. "ఆ నల్లగీత చూడండి. అది గట్టి తొక్క. మొన దగ్గర లేదు. లేదు గనక మొన అరిగింది, అరిగింది గనక లీవరు జారింది. మోకాలు లేదు, ఏమీ లేదు."

మేనేజరు తక్కువ మాటల మనిషి. పిన్నును కిటికీ వైపు పట్టుకుని చాలాసేపు చూశాడు. "హార్డెనింగు లోపమా?"

"కాదు. ఆయన పని ఆయన సరిగ్గా చేశాడు. ఆ మాట నేను నిన్న షెడ్డంతా వినేలా తప్పుగా అన్నాను. ఇవాళ మీ నలుగురికే వినపడితే చాలదు." అద్దాల గది తలుపు తీసి వెనక్కి నెట్టింది. బయట మిషన్ల దగ్గర తలలు తిరిగాయి. "తొక్క ఒలిచింది నేను! మొన సాన పట్టింది నేను!"

"చీటీ ఉందా?" అన్నాడు మేనేజరు.

"లేదు."

"ఎవరు పట్టమన్నారు?"

"లీవరు బిగుసుకుపోతోందని తెలిసింది. పట్టాను."

"నేనే పట్టమన్నాను" అన్నాడు మరిది. ఆవిడ వంక చూడలేదు.

చూద్దాంగారు పుస్తకం తీశాడు. ఇద్దరు దొరికారు, ఒకే ఇంటివాళ్ళు. ఆయన కలం ఇంకా కాగితానికి ఆననేలేదు, రవ్వలక్క ఆయన మీదికి వంగింది.

"రాయండి సార్. ఇదీ రాయండి. లీవరు బిగుసుకుందని ఇతను మీకు మూడుసార్లు చెప్పాడు. టూల్ స్టీలు కావాలని బాబాయి అడిగాడు. మెత్త కడ్డీతో చేయించారని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ గోడకున్న పుస్తకంలో నెలనెలా మూడో నంబరు లేతు తనిఖీ చేశాం, సరిగా ఉంది, సరిగా ఉంది అని మీ సంతకాలున్నాయి. కుడిచేత్తో పెట్టినవి. మీకు రెండు చేతులూ ఉన్నాయిగా సార్, ఒక్క నెలైనా ఒక్క చెయ్యి ఆ లీవరు మీద వేసి చూశారా?"

మేనేజరు లేచి గోడకున్న పుస్తకం తీశాడు. పేజీలు తిప్పాడు. చూద్దాంగారు కళ్ళద్దాలు తీశాడు కాని తుడవలేదు.

చివరికి మేనేజరే చెప్పాడు, కూర్చుని చూద్దాంగారు రాశాడు. లీవరు దానంతటదే జారింది. పనివాడి అజాగ్రత్త లేదు. చెయ్యి నయమయ్యాక అతనికి చెయ్యగలిగిన పని షెడ్డు లోపలే ఇవ్వాలి. చీటీ లేకుండా మిషను భాగాన్ని సాన పట్టినందుకు గ్రైండరు మనిషి సస్పెన్షన్, మళ్ళీ చెప్పేదాకా. సూపర్‌వైజరు వారంలోగా సంజాయిషీ రాసివ్వాలి.

ఒలిచినవాళ్ళకు సస్పెన్షను, ఒలవనిచ్చినవాడికి ఉత్తరం! రవ్వలక్క నోరు తెరిచింది. బాబాయి ఆవిడ వైపు చూశాడు. కనుబొమలు లేని ఆ మొహంలో ఏముందో ఎప్పటిలాగే తెలియలేదు. ఆయన లేచి తన కుర్చీని ఆవిడ వైపు తోశాడు.

ఆవిడ కూర్చోలేదు. సంతకం పెట్టమన్న చోట పెట్టి బయటికి వచ్చేసింది.

*

గేటు దాటాక మరిది మొదలుపెట్టాడు.

"నీకెవరు చెప్పమన్నారు? ఆఁ? ఎవరు చెప్పమన్నారు?"

ఆవిడ అతని కుడిపక్కకు మారింది, ఎదురొచ్చేవాళ్ళు కట్టుకు తగలకుండా.

"రెండు వారాలు నోరు మూసుకున్నానే, ఆ నొప్పిలో, ఆ మందుల్లో! అదంతా దేనికి? నీ పని నీకు ఉండాలని! తలుపు తీసి మరీ అరవాలా? తలుపు ఎందుకు తీశావు?"

చెప్పుల కొట్టువాడు తల ఎత్తి చూశాడు. సైకిలు మీద పోతున్నవాడు వెనక్కి తిరిగి చూసి, గుంతలో పడబోయి నిలదొక్కుకున్నాడు. మరిది ఆగలేదు. మెడ నరాలు ఉబ్బాయి, ఎడమచెయ్యి గాలిలో ఊగుతోంది. ఆ పెద్దమనిషి వారంలోగా ఉత్తరం రాసి మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంటాడన్నాడు. ఆ మేనేజరుకు నోరు లేదా అన్నాడు. ఆ లేతును పాతర వెయ్యాలన్నాడు. తన వేళ్ళని, తన భుజాన్ని, ఆ రోజు అన్నం మధ్యలో లేచి పిన్ను పట్టుకుని పరుగెత్తిన తన తొందరని తిట్టాడు. మళ్ళీ ఆవిడ దగ్గరికే వచ్చాడు. నువ్వంటే నువ్వే, నీ నోరంటే నోరే, నీకు ఎవరి మాటా పట్టదన్నాడు.

రవ్వలక్క నడుస్తోంది.

"మాట్లాడు వదినా! ఏం, ఇప్పుడు మాటలు లేవా?"

"నువ్వే కానివ్వు" అంది ఆవిడ. "ఇంకా రెండు వీధులుంది ఇల్లు."

అతను అరుస్తూనే ఉన్నాడు.